కూలినేతకు నూలిచ్చు వర్తకులు గమనింపవలసినవి

ఆర్.కె.పేట, అమ్మయారుకుప్పము, పొదటూరుపేట ప్రాంతములందు నేతపని చాలకాలముగా జరుగుచున్నది. నూలు వర్తకునిది, మగ్గము నేతగానిది. కూలి మీటరు లెక్కనో, లుంగీ లెక్కనో ఏర్పడును. ఇట్టి నేతగాడు నౌకరు కాడు. ఒకే వారమున ఇద్దరు షావుకార్ల పని చేయుటకు ఆతనికి స్వేచ్ఛ కలదు. ఈ భేదము మరచుటవలననే పెక్కు తగవులు పుట్టును.

తగవులలో ముఖ్యమైనది తూకము. నూలిచ్చునపుడొక తూకము, బట్ట వచ్చిన పిదప మరియొకటి; నడుమ పోయిన తరుగు ఎవరిది? గంజి పెట్టిన బట్ట బరువు తేమనుబట్టి మారును గదా! కావున నూలు నెంబరు, బరువు, ఒప్పుకొన్న తరుగు, కూలి, గడువు చీటీపై వ్రాసి ఇరువురును సంతకము చేయవలెను. హీనాధికమానోన్మానము అచౌర్యవ్రతమునకు అతిచారమని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది. అది అంగడి తక్కెడకే గాక నూలు తక్కెడకును వర్తించును. క్రొత్త నేతగానికి మొదట ఒక పడుగు మాత్రమే ఇచ్చి పనితనము చూచుట మంచిది.

మగ్గముపై పడుగుండగా బజారు మందగించినను, ఒప్పిన కూలిని తగ్గింపరాదు.

2017 నాటి జి.యస్.టి. చట్టము ననుసరించి రిజిస్టరైన వర్తకుడు నూలును చలానాతో పంపవలెను. లెక్క చూపు బాధ్యత ఆతనిదే. నేతగాడు ఉద్యమ్ రిజిస్ట్రేషను గలవాడైనచో, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనపుడు 15 దినములలోను, ఉన్నను 45 దినములకు మించకయు కూలి చెల్లింపవలెను. ఆలస్యమైనచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడింతల చొప్పున చక్రవడ్డీ పడును.