ఆనెకాయా? పులిపిరికాయా?

పిల్లలూ, చర్మం గట్టిపడితే తెలుగులో ‘కాయ’ అనడం అలవాటు. పార పట్టీ పట్టీ చేతులు కాయలు కాస్తాయి. బూటు ఒరుసుకుంటే ఆనెకాయ వస్తుంది. వైరస్ వల్ల వచ్చేది పులిపిరికాయ. అరికాల్లో ఏది వచ్చినా ఇంట్లో పెద్దవాళ్లు ‘ఆనె’ అనేస్తారు. కానీ ఆనె అంటుకోదు, పులిపిరి అంటుకుంటుంది. అందుకే ఈ తేడా మనం తెలుసుకోవాలి.

చేతి మీది పులిపిరి పైకి లేచి కనబడుతుంది. అరికాల్లో అయితే ఒంటి బరువు దాన్ని లోపలికి అదిమేస్తుంది. పైకి చదునుగానే ఉంటుంది గానీ, నడుస్తుంటే బూటులో గులకరాయి ఉన్నట్టు గుచ్చుతుంది.

కాలు కడిగి, వెలుతురులో చూడండి. వేళ్ల మీద ఉన్నట్టే అరికాలి చర్మం మీదా సన్నని గీతలుంటాయి. ఆనె మీద ఆ గీతలు సాగిపోతాయి. పులిపిరి దగ్గర ఆగి, పక్కకు తప్పుకుంటాయి. పులిపిరిలో నల్లని చుక్కలు కూడా కనిపించవచ్చు. వాటిని వేళ్లనీ విత్తనాలనీ అంటారు గానీ, అవి గడ్డకట్టిన రక్తంతో ఉన్న సన్నని రక్తనాళాలు. ఇంకో గుర్తు: పైనుంచి నొక్కితే ఆనె ఎక్కువ నొప్పి పెడుతుంది, రెండు పక్కల నుంచి నొక్కితే పులిపిరి ఎక్కువ నొప్పి పెడుతుంది.

దీనికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. ఇందులో 100కు పైగా రకాలున్నాయి. క్యాన్సర్ తెచ్చే రకాలు వేరు, అరికాలి పులిపిర్లు తెచ్చేవి వేరు, కాబట్టి ఆ భయం వద్దు. హాస్టల్ స్నానాలగది, ఈతకొలను గట్టు వంటి తడినేలల మీద, చర్మంలోని చిన్న పగులు గుండా ఇది లోపలికి చేరుతుంది. బయటపడటానికి నెలలు పట్టవచ్చు. మనలాంటి బదిలీల కుటుంబాల్లో ఒక ఊళ్లో అంటుకున్నది మరో ఊళ్లో బయటపడినా వింత లేదు. పక్కబెంచీ పిల్లవాణ్ణి అనుమానించడం అన్యాయం.

పి.టి. పీరియడ్‌లో బూట్లు విప్పమంటే వెనక్కి తగ్గే పిల్లలు మేము పనిచేసిన ప్రతి బడిలోనూ ఉన్నారు. సిగ్గుపడి దాచేకొద్దీ ఒకటి నాలుగవుతుంది. ఆ సిగ్గే కొందరి చేతికి బ్లేడు ఇస్తుంది. బ్లేడుతో కోస్తే రక్తం వస్తుంది, పుండు పడుతుంది, వైరస్ పక్కకు పాకుతుంది. ఊళ్లలో పెట్టే జిల్లేడు పాలూ, సున్నమూ, జీడిగింజ రసమూ మంచి చర్మాన్ని కూడా కాలుస్తాయి.

పిల్లల్లో చాలా పులిపిర్లు ఒకటి రెండేళ్లలో వాటంతటవే పోతాయి. నొప్పి పెడితే మాత్రం డాక్టరుకు చూపించాలి. సాధారణంగా ఇచ్చేది సాలిసిలిక్ ఆమ్లం. రాత్రి గోరువెచ్చని నీళ్లలో కాలు కాసేపు నానబెట్టి, మెత్తబడిన పైపొరను మెల్లగా రుద్ది, తుడిచి, పులిపిరి మీద మాత్రమే మందు వేయాలి. రుద్దిన రాయిని ఇంకెవరూ వాడకూడదు. మంట పుడితే రెండు రోజులు ఆపాలి. దీనికి 12 వారాలు కూడా పట్టవచ్చు. ఈలోగా బదిలీ ఉత్తర్వు వస్తే, మందు సీసాను సామాను పెట్టెల్లో కాక చేతిసంచిలో పెట్టుకోండి! తగ్గకపోతే కొందరు డాక్టర్లు ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు. అది కాస్త నొప్పే. మధుమేహం ఉన్నవాళ్లు సొంతంగా ఏ మందూ వేసుకోకూడదు.

ఇంట్లో ఎవరి తువ్వాలు వాళ్లదే. స్నానాలగదిలో చెప్పులు, రోజూ ఉతికిన మేజోళ్లు వాడాలి. పులిపిరి మీద ప్లాస్టరు వేసుకుంటే ఆటలు మానక్కర్లేదు.

కొత్త ఊళ్లో డాక్టరుకు ఏమని చెప్పాలో కూడా నేర్చుకుందాం. హిందీలో పులిపిరి ‘మస్సా’, ఆనె ‘గోఖ్రూ’. తమిళంలో పులిపిరి ‘మరు’, ఆనె ‘కాల్ ఆణి’. బెంగాలీలో పులిపిరి ‘ఆంచిల్’. మీరున్న చోటి భాషలో ఏమంటారో మీ తరగతిలో అడిగి, నోటుపుస్తకంలో ఈ వరుసకు చేర్చండి.