బండిలో విద్యుత్తు: జమ, ఖర్చు

కారవాన్ అనే మాట మనకు కొత్తది కాదు. ఫారసీలో పుట్టి, ఉర్దూలో స్థిరపడి, ఇంగ్లీషువారి నోట కూడ పడిన మాట అది. పూర్వం గోల్కొండ దారిలో వర్తకుల సమూహాలు దిగిన చోటు హైదరాబాదులో కార్వాన్ అనే పేటగా నేటికీ నిలిచి ఉన్నది. తెలుగులో మనం బిడారు అన్నాము. ఒంటెలు, ఎద్దులు పోయి మోటారు వచ్చిన తరువాత ఆ పేరు ఇల్లు వంటి వాహనానికి చెల్లినది. పడక, పొయ్యి, దీపం, పంకా అన్నీ అందులోనే అమరి ఉంటవి.

అయితే ఇంటికి, ఈ వాహనానికి ఒక ముఖ్యమైన భేదం కలదు. ఇంటిలో మీట నొక్కినచో దీపం వెలుగును. ఆ విద్యుత్తు ఎక్కడిదని మనం ఆలోచింపము. ఊరి వెలుపల చెట్టు క్రింద నిలిచిన బండికి కరెంటు తీగ రాదు. దానికి కావలసిన విద్యుత్తును అదే పుట్టించుకొనవలెను, అదే దాచుకొనవలెను. ఈ ఉపాయమును గూర్చి తెలిసికొనుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటువంటి అవసరం మన ప్రాంతానికి పూర్వం నుండి ఉన్నదే. పల్లెలకు వచ్చిన టూరింగు టాకీసులు గుడారంతో పాటు ఆయిలు ఇంజను, డైనమో కూడ వెంట తెచ్చుకొనెడివి. ఇంజను ఆగినచో తెర చీకటి అయ్యెడిది. నాడు ఒక్క ఇంజను చేసిన పనిని నేడు బ్యాటరీ, సోలారు పలక, ఇన్వర్టరు కలిసి చేయగలవు.

ఒక ఉదాహరణ

పల్నాడు జిల్లాలోని బెల్లంకొండను తీసికొందాము. కొండమీది ప్రాచీన దుర్గమును చూచుటకు నలుగురు ఒక చిన్న వాహనంలో వచ్చి, కొండ దిగువన మూడు రోజులు మకాం చేసినారనుకొనుడు. ఈ ప్రాంతానికి చేరువలోనే కృష్ణానదిపై పులిచింతల ప్రాజెక్టు ఉన్నది. దాని జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 120 మెగావాట్లు. అయినను చేనిగట్టున నిలిచిన మన బండికి అందులో ఒక్క వాటు కూడ అందదు. పైగా ఆ నలుగురిలో ఒకరు మధుమేహ రోగి. వారి ఇన్సులిన్ చల్లగా ఉండవలెను. తెరవని ఇన్సులిన్ సీసాలను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచవలెనని వైద్యశాస్త్రం చెప్పుచున్నది. వేసవి ఉష్ణోగ్రతకు పేరు మోసిన రెంటచింతల కూడ ఈ పల్నాటిలోనిదే గదా! కనుక ఇచట లెక్క తప్పినచో నష్టపోవునది సుఖం మాత్రమే కాదు.

వాట్లు, వాట్‌గంటలు

చెరువును తలచుకొనుడు. తూములో నుండి నీరు ఎంత వేగంగా పారుచున్నదో తెలుపునది ఒక కొలత; మొత్తం ఎంత నీరు వాడితిమో తెలుపునది మరొక కొలత. విద్యుత్తులో మొదటిది వాటు, రెండవది వాట్‌గంట. మిక్సీ 500 వాట్లు తీసికొన్నను మూడు నిమిషాలలో ఖర్చు చేయునది 25 వాట్‌గంటలే. 20 వాట్ల చిన్న పంకా రాత్రి ఎనిమిది గంటలు తిరిగినచో 160 వాట్‌గంటలు తీసికొనును. చూచుటకు చిన్నదైనది పెద్ద ఖర్చు చేయును. ఈ భేదం గ్రహింపక బ్యాటరీ కొనువారు పలువురు.

ఖర్చు

జమ, ఖర్చు అను రెండు మాటలూ ఉర్దూ ద్వారా మన లెక్కల పుస్తకాలలోనికి వచ్చినవే. మొదట ఖర్చు వ్రాద్దాము. 7 వాట్ల దీపాలు రెండు, ఐదేసి గంటలు: 70. 12 వోల్టుల పంకాలు రెండు, ఒక్కొక్కటి 20 వాట్లు, ఎనిమిది గంటలు: 320. నాలుగు సెల్‌ఫోన్లు, పదిహేనేసి చొప్పున: 60. 45 వాట్ల చిన్న కంప్రెసరు ఫ్రిజ్, ఎండ వేడికి రోజులో సగం కాలం పనిచేయుననుకొన్నచో: 540. మొత్తం 990 వాట్‌గంటలు. ఇదే ఒక రోజు ఖర్చు.

ఈ పట్టికలో ఏసీ లేదు, కరెంటు పొయ్యి లేదు. 1500 వాట్ల పొయ్యి అరగంట వెలిగినచో 750 వాట్‌గంటలు పోవును. అంతేగాక 12 వోల్టుల బ్యాటరీ నుండి 125 ఆంపియర్లకు మించిన ప్రవాహం లాగును. వేడి పుట్టించు పరికరాలన్నియు ఇట్టివే. వంటకు గ్యాసు సిలిండరే మేలు.

నిల్వ

లెడ్ యాసిడ్ బ్యాటరీలో వ్రాసియున్న శక్తినంతటినీ వాడరాదు. తరచు సగం కంటె దిగువకు దించినచో అది త్వరగా పాడగును. 12 వోల్టుల, 150 ఆంపియర్‌గంటల బ్యాటరీలో ఉన్నది 1800 వాట్‌గంటలు. అందు సగం 900 మాత్రమే. మన ఖర్చుకు చాలదు. 200 ఆంపియర్‌గంటలదైనచో 1200 వాట్‌గంటలు చేతికి వచ్చును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో సుమారు ఎనిమిది పాళ్లు వాడుకొనవచ్చును, 12.8 వోల్టుల, 100 ఆంపియర్‌గంటలది 1024 ఇచ్చును. బరువు బాగా తక్కువ, ధర ఎక్కువ.

జమ

మన ప్రాంతంలో మంచి ఎండరోజున సోలారు పలక తన పూర్తి శక్తితో సుమారు ఐదు గంటలు పనిచేసినంత ఫలం లభించును. అందులో వేడికి, దుమ్ముకు, తీగలకు పోవునది పోగా నూటికి డెబ్బది పాళ్లు మిగులునని తలచుట క్షేమం. 300 వాట్ల పలక అట్లు రోజుకు 1050 వాట్‌గంటలు జమ చేయును. మన ఖర్చు 990, కనుక సరిపోయినది.

ఎండ ఎంత మండితే అంత విద్యుత్తు వచ్చునని కొందరి భ్రమ. పలకకు కావలసినది వెలుగే గాని వేడి కాదు. 25 డిగ్రీలు దాటిన తరువాత పలక ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం శక్తిని కోల్పోవును. వేసవిలో అది 65 డిగ్రీలకు చేరినచో నష్టం 16 శాతం. అందుచేత పలకకు, బండి పైకప్పుకు నడుమ గాలి ఆడు సందు విడువవలెను. మరొక చిక్కు చెట్టునీడ. మనుషులకు నీడ హాయి. పలకపై కొద్ది భాగం నీడ పడినను ఉత్పత్తి చాలవరకు పడిపోవచ్చును. బండి నీడలో, విడి పలక ఎండలో ఉండునట్లు పొడవైన తీగతో అమర్చుట మంచి ఉపాయం.

మబ్బు పట్టిన రోజున జమ మూడవ వంతుకు, అనగా 350కి తగ్గెననుకొందాము. నిండు బ్యాటరీలోని 1200కు 350 కలిపి 990 తీసివేసినచో 560 మిగులును. రెండవ రోజు కూడ మబ్బే అయినచో 560, 350 కలిసి 910; ఖర్చుకు 80 తక్కువ. అప్పుడు ఏది ఆపవలెను? ఫ్రిజ్‌ను కాదు. ఒక పంకాను నాలుగు గంటలు ఆపినచో ఆ 80 వాట్‌గంటలు మిగులును, మందు చెడదు. లెక్క తెలిసినవారికి ఈ నిర్ణయం పగటివేళనే తోచును. తెలియనివారికి అర్ధరాత్రి ఫ్రిజ్ ఆగిన తరువాతగాని తెలియదు.

కొన్ని జాగ్రత్తలు

మొదటిది: ఇంజనును కదిలించు బ్యాటరీని ఇంటిపనికి వాడరాదు. రాత్రి పంకాలు దానిని పీల్చివేసినచో, రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవలసిన వేళ బండి కదలదు. రెండును వేరువేరుగా ఉండవలెను. ఇంజను నడుచునపుడు మాత్రం ఆల్టర్నేటరు నుండి రెండవ దానికి కూడ శక్తి అందునట్లు తగిన చార్జరు అమర్చుకొనవచ్చును.

రెండవది: తీగ లావు. 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు ఐదు మీటర్ల దూరం పోయి రావలెనన్నచో, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో సుమారు 0.7 వోల్టు నష్టమగును. 6 చదరపు మిల్లీమీటర్లదైనచో 0.3 మాత్రమే. సన్నని తీగలో అధిక ప్రవాహం పోయినచో అది వేడెక్కి అంటుకొనును. బ్యాటరీ ధన ధ్రువానికి చేరువలోనే ఫ్యూజు ఉండి తీరవలెను.

మూడవది: గాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జి అగునపుడు మండే స్వభావం గల హైడ్రోజను వాయువు వెలువడును. పెట్రోలు జనరేటరు నుండి వాసన లేని కార్బన్ మోనాక్సైడు వచ్చును. నిద్రలోనే ప్రాణం తీయగలదు. జనరేటరును బండి లోపల గాని, కిటికీ ప్రక్కన గాని ఎన్నడును నడుపరాదు.

ఈ పాఠం విహారయాత్రలకు మాత్రమే పరిమితం కాదు. మిరపకల్లం వద్ద కావలి ఉండు రైతుకు, మందల వెంట ఊరూరు తిరుగు గొర్రెల కాపరికి, పల్లెలకు పోవు వైద్యశకటానికి కూడ ఇదే లెక్క వర్తించును. పరికరం ఏదైనను దాని వాట్లు చూచి, అది నడుచు గంటలతో హెచ్చించి, కాగితంపై వ్రాయుడు. విద్యార్థులు ఈ పనిని నేటి రాత్రియే తమ ఇంటిలో చేసి చూడవచ్చును. ఆ కాగితం చివరి పంక్తి తెలిసిన తరువాతనే బ్యాటరీ దుకాణం మెట్లు ఎక్కవలెను.