సుఖవ్యాధి – మతిభ్రంశం

సుఖవ్యాధి అనే మాట వినగానే మన హాస్టలు గదుల్లో నవ్వులు పుడతాయి. నేనూ నవ్వినవాణ్ణే. ఎం.ఏ. సైకాలజీలో భాగంగా ఆస్పత్రి శిక్షణకు వెళ్ళాక ఆ నవ్వు మానేశాను.

అక్కడికి యాభై దాటిన ఒక గుమాస్తాను తీసుకొచ్చారు. ఏడాదిగా అప్పులు చేసి మరీ దానాలు చేస్తున్నాడట, ఊళ్ళో సగం తనదేనంటాడట. ఎవరో చేతబడి చేశారని ఇంట్లోవాళ్ళు తాయెత్తులు కట్టించారు. నేను మామూలు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టాను. జీవితమంతా లెక్కలు రాసిన మనిషి వందలోంచి ఏడు తీసెయ్యలేకపోయాడు! డాక్టరుగారు ఆయన కంట్లోకి టార్చి వేసి నన్ను పిలిచారు. "చూడవయ్యా, వెలుగు పడితే కంటిపాప ముడుచుకోవడం లేదు. దగ్గరి వస్తువు చూడమంటే ముడుచుకుంటోంది." రక్తమూ, వెన్నులోంచి తీసిన నీరూ పరీక్షకు పంపారు. సిఫిలిస్ అని తేలింది. మన పెద్దలు సవాయి అనేవారే, అదే.

మిత్రులారా, ఈ జబ్బు మొదట నొప్పిలేని పుండుగా వస్తుంది. దానంతటదే మానిపోతుంది, మోసమంతా అక్కడే ఉంది. వైద్యం జరగకపోతే కొందరిలో పది, ఇరవై ఏళ్ళకు మెదడు దెబ్బతింటుంది. హెచ్.ఐ.వి. కూడా మందులు వాడకపోతే మతిని మందగింపజేస్తుంది గనుక ఆ పరీక్షా చేయిస్తారు.

పక్షవాతంతో కూడిన ఈ పిచ్చిని 1822లో పారిస్‌లో బేల్ వర్ణించాడు. కారణం మాత్రం చాలాకాలం తగువుగానే ఉండిపోయింది. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్మన్ సిఫిలిస్ క్రిమిని చూశారు. 1913లో నొగూచి, మూర్ ఆ మరమేకులాంటి క్రిమినే ఈ రోగుల మెదళ్ళలో చూపించారు. మెదడుకెక్కిన సవాయికి సరైన మందు లేని ఆ రోజుల్లో, 1917లో, వియన్నాలో వాగ్నర్-యావురెగ్ రోగులకు కావాలనే మలేరియా ఎక్కించాడు. జ్వరానికి కొందరు బాగుపడ్డారు, కొందరు ఆ జ్వరంతోనే పోయారు. దానికి 1927లో నోబెల్ బహుమతి! 1943లో పెనిసిలిన్ ఈ జబ్బుకు పనిచేస్తుందని తేలాక ఆ తంటా తప్పింది.

మా గుమాస్తాగారికి పద్నాలుగు రోజులు పెనిసిలిన్ ఎక్కించారు. గొప్పలు తగ్గాయి. లెక్కలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. చెడిపోయిన మెదడు కణాలను ఏ మందూ తిరిగి తేలేదు.

ఆయన భార్య నన్నే అడిగింది, "ఇదెట్లా వచ్చింది బాబూ?" అని. ఆమెకూ రక్తపరీక్ష కావాలి. ఆ మాట ఎలా చెప్పాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. డాక్టరుగారు ముందు భర్తతో విడిగా మాట్లాడి, ఒప్పించి, తర్వాత ఆమెను కూర్చోబెట్టారు. "ఒకరి నుంచి ఒకరికి వచ్చే జబ్బమ్మా. మీకూ చూద్దాం, ఉంటే సూదులతో పోతుంది." తప్పెవరిదన్న ప్రస్తావనే తేలేదు. ఆమె చాలాసేపు నేల చూసి, చెంగు సర్దుకుని, చెయ్యి చాపింది.