కొండకొచ్చే చుట్టాలు, నెలాఖరు ఖర్చులు

ప్రశ్న: మా కాపురం అలిపిరి దగ్గర. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. దర్శనానికొచ్చే చుట్టాల ఖర్చుతో మా ఆయన జీతం 20వ తేదీకే అయిపోతోంది. ఎక్కడ తగ్గించాలి?

జవాబు: అమ్మా, కొండ కింద కాపురమంటే ఇది తప్పదు. చుట్టాలను రావద్దనలేం. వాళ్ల ఖర్చును మాత్రం వెచ్చాల డబ్బులోంచి తీయకండి. మూడు నెలలు ఎవరొచ్చారు, ఎంతైంది అని రాసి చూడండి. ఆ సగటును జీతం రాగానే వేరే డబ్బాలో వేయండి. ఎవరూ రాని నెల మిగిలింది బ్రహ్మోత్సవాల నెలకు అక్కరకొస్తుంది.

పైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం ఉచితం. ఇక తెల్లారుజామున లేచి పులిహోర పొట్లాలు కట్టడం ఎందుకు? గుంపుగా వస్తామంటే బస్టాండు ఎదుట శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదుట విష్ణునివాసం వసతి గృహాలు ఉన్నాయని ఫోన్లోనే చెప్పేయండి. మొహమాటపడితే డబ్బా ఖాళీ! రాత్రికి రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి చేయండి. పట్నం చుట్టాలు హోటల్ టిఫిన్ కన్నా అదే ఇష్టంగా తింటారు.

ఇలా మిగిలినదాంట్లోంచి పాప పేర పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టినా చాలు. పదేళ్లు నిండకముందే తెరవాలి.