అమ్మకీ ఒక సీటుందా?

చెల్లీ, నువ్వడిగింది చిన్న ప్రశ్నేం కాదు. "సెలవులొచ్చాయి అక్కా, ఎక్కడికైనా తీసుకెళ్లమని పిల్లలు ప్రాణం తీస్తున్నారు. చిన్నప్పుడు వాళ్ల నాన్న తీసుకెళ్లారని మా ఆయన వీజీపీ పార్కు అంటారు. పెద్దాడేమో అది పాతబడిపోయింది, వండర్‌లాకే పోదామంటాడు. అత్తయ్యగారు బొటానికల్ గార్డెన్ చాలదా అంటున్నారు. నువ్వే చెప్పు" అన్నావు. పుదుచ్చేరిలో మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఏటా మే నెలలో ఈ పంచాయితీ ఉండేదే. కాకినాడ నుంచో యానాం నుంచో చుట్టాలు సర్కార్ ఎక్స్‌ప్రెస్ దిగారంటే ఇంకా ముదురుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. పార్కు పాతదా కొత్తదా అన్నది నాకు రెండో సంగతి. ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడానికి, కలిసి చూడడానికి అక్కడ ఏమున్నాయి? నువ్వు ఎంతసేపు బెంచీ మీద కూర్చుని సంచులకి కాపలా కాయాలి? నేను ముందు చూసేది అదే.

మనం పిక్నిక్‌కి వెళ్తే ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకో. తెల్లవారకుండానే లేచి పులిహోర కలుపుతాం. పెరుగన్నం డబ్బాల్లో పెడతాం. చంటిదాని పాలసీసా, పెద్దాడి తువ్వాలు, అత్తగారి బీపీ మాత్రలు, అన్నీ సర్దుతాం. తీరా గేటు దాటాక మగవాళ్లు, పిల్లలు పరుగెత్తి లైన్లో నిలబడతారు. మన ఒళ్లో నాలుగు ఫోన్లు, రెండు కళ్లజోళ్లు, కాళ్ల దగ్గర చెప్పుల కుప్ప. పైనుంచి కేకలు వినిపిస్తుంటాయి. మనవాళ్ల కేక ఏదో పోల్చుకుంటూ, మెడ పైకెత్తి చూస్తూ కూర్చుంటాం. ఈ కూర్చోవడాన్ని మనవాళ్లెవరూ ఒక లోటుగా అనుకోరు. నేను అనుకుంటాను.

డిస్నీలాండ్ ఆలోచన పుట్టింది కూడా ఇలాంటి బెంచీ మీదే తెలుసా? వాల్ట్ డిస్నీ సెలవు రోజుల్లో తన ఇద్దరు కూతుళ్లని లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్లేవాడు. వాళ్లు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తాను పక్కన బెంచీ మీద వేరుసెనగ్గింజలు తింటూ కూర్చునేవాడు. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉండాలి కదా అని అప్పుడే అనిపించిందని తర్వాత ఆయనే చెప్పాడు. 1955 జూలై 17న అది తలుపులు తెరిచింది. ప్రపంచంలోని థీమ్ పార్కులన్నిటికీ పెద్దక్క లాంటిదాని వెనక ఊరికే కూర్చోలేకపోయిన ఒక తండ్రి ఉన్నాడంటే నాకు ఎంతో ఇష్టంగా ఉంటుంది.

మా పిన్ని కూతురి పురిటికని కాలిఫోర్నియా వెళ్లినప్పుడు అల్లుడు డిస్నీలాండ్ చూపించాడు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఎత్తు చూస్తే కళ్లు తిరుగుతాయి. అయినా "ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్" పడవ ఎక్కి కూర్చుంది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారుచేసి, 1966లో డిస్నీలాండ్‌కి తెచ్చిన ఆట అది. పడవ మెల్లగా నీళ్లలో సాగుతుంటే ఇటూ అటూ దేశదేశాల పిల్లల బొమ్మలు ఒకే పాట పాడుతూ ఆడతాయి. అంతే, ఇంకేం లేదు. ఏడేళ్ల మనవడు "బోర్ అమ్మమ్మా" అన్నాట్ట. కానీ ఆ రోజంతటిలో వాడూ అమ్మమ్మా పక్కపక్కన కూర్చున్నది ఆ పడవలోనే. పిన్ని ఫోనులో వర్ణించి చెప్పిందీ దాని గురించే. అరవై ఏళ్ల నాటి ఆట అది, చెల్లీ.

ఇక మీవారి వీజీపీ సంగతి. చెన్నై వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, అదే ఈసీఆర్, మీద ఇంజంబాక్కం దాకా మనకి దాదాపు 130 కిలోమీటర్లు. ఆ తరంవాళ్లని వీజీపీలో ఏం చూశావని అడిగితే పెద్ద చక్రం పేరు చెప్పరు, విగ్రహం మనిషి పేరు చెబుతారు. లండన్ రాజభవనం ముందు కదలకుండా నిలబడే భటుల్ని చూసొచ్చాక వీజీపీ పన్నీర్‌దాస్ గారికి ఈ ఆలోచన తట్టిందంటారు. భటుడి వేషంలో, మెలి తిప్పిన మీసాలతో, గంటల తరబడి అలా నిలబడే ఉంటాడు. నవ్వించగలిగినవాళ్లకి బహుమతి. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు వెళ్తే మావాడు ఆయన ముందు కోతి వేషాలన్నీ వేశాడు. మా ఆడపడుచు జోకులు చెప్పింది, అదీ తెలుగులో! చివరికి మా అత్తగారు కొంగు నడుముకి దోపుకుని ఎదురుగా వెళ్లి నిలబడ్డారు. "ఏం నాయనా, పొద్దున్నించీ ఇలాగే నుంచున్నావా? కాళ్లు పీక్కుపోవట్లేదూ? మంచినీళ్లైనా ఇచ్చారా ఎవరైనా?" అని నిజంగానే బాధపడుతూ అడిగారు. ఆయన రెప్ప కూడా కదల్లేదు. నేను మరీ దగ్గరగా నిలబడి ఉన్నాను కాబట్టి చూశాను, గొంతు దగ్గర మాత్రం ఒక్కసారి గుటక పడింది. మా అత్తగారు తృప్తిగా "విన్నాడు పాపం" అని వెనక్కి వచ్చేశారు.

దానికి కరెంటు అక్కర్లేదు, బెల్టు అక్కర్లేదు. మూడేళ్ల పిల్లకీ డెబ్బై ఏళ్ల ఆవిడకీ ఒకే ఆట. అందరం ఒక్కచోటే గుమిగూడి, ఒకరి ప్రయత్నం చూసి ఒకరం నవ్వుకున్నాం. దాన్ని పాతబడిందని ఎలా అంటాను?

మీ పెద్దాడి మాట కూడా తీసిపారేయను. వండర్‌లావాళ్లు 2000లో కొచ్చిలో మొదలుపెట్టి, 2005లో బెంగళూరు, 2016లో హైదరాబాద్ వచ్చారు. మన అమ్మాయిలు కాలేజీ బస్సుల్లో వెళ్లి గొంతులు పోయేలా అరిచి వస్తున్నారు, రానీ. ఆ వయసుకి ఆ అరుపు కావాలి. కాకపోతే నువ్వు ముందే తెలుసుకుని వెళ్లాల్సినవి ఉన్నాయి. పెద్ద రైడ్ల దగ్గర ఎత్తు కొలిచే కర్ర ఉంటుంది. భుజాల మీదికి దిగే తాళం కానీ, తొడల మీద పడే కడ్డీ కానీ ఒక మోస్తరు ఒళ్లున్నవాళ్లకే సరిగ్గా బిగుస్తుంది కాబట్టి పొట్టి పిల్లల్ని ఎక్కనివ్వరు. వాడు బతిమాలినా నువ్వు వాళ్లతో వాదించకు. బీపీ, నడుంనొప్పి ఉన్నవాళ్లనీ, కడుపుతో ఉన్నవాళ్లనీ వద్దంటారు. నీళ్ల ఆటల్లోకి చీరతో, కాటన్ చుడీదార్‌తో దిగనివ్వరు. నూలు పోగులు ఊడి వడపోత యంత్రాల్లో చేరతాయి, వదులు బట్టలు జారుడు గొట్టాల్లో చిక్కుకుంటాయి. నైలాన్ బట్టలు వేసుకోవాలి, లేకపోతే అక్కడే అద్దెకి తీసుకోవాలి. ఆ నియమాలు మంచివే. కానీ మీ ఇంట్లో లెక్కపెట్టు. అత్తగారు కింద, చంటిది కింద, వాళ్లిద్దరినీ చూసుకోవడానికి నువ్వు కింద. టికెట్టు మాత్రం నీకూ కొనాలి. పైగా ఆ బట్టలు వేసుకోవడానికి నీకు మొహమాటమైతే నీళ్లు కూడా దూరం నుంచే. వేసుకో అంటాను నేను. ఎవరో చూస్తారని ఎండలో కూర్చోకు.

పాతవాటి మీద నాకున్న ప్రేమ చూసి అన్నీ క్షమించేస్తానని అనుకోకు. 2025 మే నెలలో ఆ వీజీపీలోనే ఒక రైడ్ పైన ఆగిపోయి, ముప్ఫైమందికి పైగా కొన్ని గంటలు గాలిలోనే ఉండిపోయారు. ఫైర్‌వాళ్లు వచ్చి దించారు. పిల్లలు కూడా ఉన్నారందులో. 2016లో తాంబరం దగ్గర కిష్కింతలో ఒక రైడ్‌ని పరీక్షగా తిప్పుతుండగా కూలి ఒక ఉద్యోగి ప్రాణమే పోయింది. మనం చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసిన "చిన్నారి చేతన" త్రీడీ సినిమా తీసిన నవోదయ అప్పచ్చన్ గారు పెట్టిన పార్కు అది. అంత ఆశతో పుట్టిన చోట అలా జరిగిందని చదివి మనసు పాడైపోయింది. ఆట పాతదైతే ఏమీ ఫర్వాలేదు, బోల్టు పాతదైతే మాత్రం ఊరుకోకూడదు. డిస్నీలాండ్‌లో డెబ్బై ఏళ్ల నాటి ఆటలు ఇంకా ముద్దొస్తున్నాయంటే జనం వెళ్లిపోయాక రాత్రంతా కడిగేవాళ్లు, రంగులేసేవాళ్లు, బిగించేవాళ్లు పనిచేస్తారు కాబట్టే.

అందుకని ఏ పార్కులోనైనా పిల్లల్ని ఎక్కించేముందు అదే రైడ్ ఒకసారి తిరిగేదాకా నిలబడి చూడు. నడిపే అబ్బాయి ప్రతి బెల్టూ తన చేత్తో లాగి చూస్తున్నాడా, దూరం నుంచి చెయ్యి ఊపి మొదలుపెట్టేస్తున్నాడా? అతుకుల దగ్గర రంగు కింద తుప్పు ఉబ్బి ఉందా? ఏ కాస్త అనుమానం వచ్చినా "పద నాన్నా, ఐస్‌క్రీమ్ తిందాం" అని తీసుకొచ్చేయి. ఆడవాళ్ల మరుగుదొడ్డి కూడా చూడు. అది శుభ్రంగా ఉంచనివాళ్లు యంత్రాన్ని శుభ్రంగా ఉంచుతారని నాకు నమ్మకం కుదరదు.

మీ అత్తగారి మాటకి వస్తాను. పాత బస్టాండుకి దగ్గర్లోని ఆ బొటానికల్ గార్డెన్ 1826 నాటిది. ఈ నేలలో ఏ పంటలు పండుతాయో చూడడానికని ఫ్రెంచివాళ్లు వేశారు. పెరోతే అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ పనిచేసి, 1870లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఇరవైరెండు ఎకరాలు, మొక్కల్లో పదిహేను వందల రకాలు. మే ఎండలో గేటు లోపల నాలుగడుగులు వేయగానే ఒళ్లు చల్లబడుతుంది, అది చాలు ఆవిడకి. సాయంత్రం ఆరు దాటాక బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు కాబట్టి అక్కణ్ణుంచి అటు వెళ్లండి. దక్షిణం కొసన డూప్లే విగ్రహం ఉన్న పిల్లల పార్కులో చంటిదాన్ని ఉయ్యాల ఊపొచ్చు. వీటికి ఆవిడకి సెలవులే అక్కర్లేదు, ఏ ఆదివారమైనా సరే. సెలవుల ప్రయాణానికి బదులుగా మాత్రం వీటిని పిల్లలకి చూపించకు, పాపం చిన్నబుచ్చుకుంటారు.

నా మాట వింటే ఈ ఏడు వీజీపీకే వెళ్లండి, పెద్ద యంత్రాల జోలికి పోకుండా. అక్కడే 2019లో తెరిచిన మెరైన్ కింగ్‌డమ్ ఉంది. అద్దాల సొరంగంలో నడుస్తుంటే తలపైనుంచి చేపలు పోతుంటాయి. అత్తగారు నడవగలరు, చంటిది చంకలో ఉన్నా చూడగలదు, పెద్దాడికి అది కొత్తది, మీవారికి ఆయన చిన్ననాటి వీజీపీ. పక్కనే సముద్రం. శని ఆదివారాలు కాకుండా వారం మధ్యలో బయలుదేరండి, పొద్దున్నే ఆరింటికల్లా ఈసీఆర్ ఎక్కేయండి. వండర్‌లా ఇంకో రెండేళ్లు ఆగనీ. వాడు ఎత్తు పెరుగుతాడు, చంటిదాన్ని నా దగ్గర వదిలేసి మీరు ముగ్గురూ వెళ్లొచ్చు.

సంచులు మాత్రం మీవారికి ఒక గంట అప్పజెప్పు. రంగులరాట్నం కనిపిస్తే పిల్లని ముందు కూర్చోబెట్టుకుని నువ్వూ గుర్రం ఎక్కు. తిరిగొచ్చాక నాకు ఫోన్ చెయ్యి. పిల్లలేం ఎక్కారో వాళ్లు చెబుతారులే, నువ్వేం ఎక్కావో నాకు చెప్పు.