కొండవీటి రెడ్డిరాజుల కొలువు

పాఠ్యభాగ ఉద్దేశం

కాకతీయ సామ్రాజ్యం 1323లో పతనమైన తరువాత తీరాంధ్రంలో వెలసిన రెడ్డిరాజ్యం నూరేండ్ల పాటు మాత్రమే నిలిచింది. ఆ స్వల్పకాలంలో కొండవీటి ప్రభువులు నెరపిన రాజసభా వైభవాన్ని, ఆ వైభవానికి ఆధారమైన ప్రజాజీవనాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి మైదానం నేడు పత్తికి, మిరపకు పేరెన్నిక గన్నది. పద్నాలుగో శతాబ్దం నాటికి మిరప మన దేశానికి రానేలేదు. ఆనాడు ఈ సీమ కీర్తి సముద్రవర్తకంతోనూ, సాహిత్యంతోనూ ముడిపడి ఉండేది.

రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి (1325–1353). ఆయన గుండ్లకమ్మ తీరంలోని అద్దంకిని రాజధానిగా చేసుకొని పాలించాడు. యాత్రికుల సౌకర్యార్థం శ్రీశైలంలోనూ, అహోబిలంలోనూ సోపానాలు కట్టించాడు. కవిత్రయంలో మూడవవాడైన ఎఱ్ఱన ఆయన ఆస్థానకవి. హరివంశ కావ్యాన్ని ఎఱ్ఱన ఈ ప్రభువుకే అంకితమిచ్చాడు.

వేమారెడ్డి కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని గిరిదుర్గమైన కొండవీటికి మార్చాడు. మోటుపల్లి రేవులో వర్తకులకు అభయమిస్తూ ఆయన 1358లో శాసనం వేయించాడు. అంతకు పూర్వం 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం కూడా అక్కడిదే. నావికుల భయం తొలగించి, సుంకాల భారం తగ్గించడం వల్ల రేవుకు ఓడలు వచ్చాయి. ఓడల రాకతో బొక్కసం నిండింది. కొండవీటి కొలువులోని సుగంధాల పరిమళం ఈ రేవు మీదుగా వచ్చినదే.

ఆ పరిమళం పరాకాష్ఠ నందుకొన్నది కుమారగిరిరెడ్డి (1386–1402) కాలంలో. ఆయన ఏటేటా జరిపిన వసంతోత్సవాలు ఆయనకు ‘కర్పూర వసంతరాయలు’ అనే బిరుదును తెచ్చిపెట్టాయి. ఆ ఉత్సవాలకు కర్పూరం, కస్తూరి మొదలైన ద్రవ్యాలను సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. సింహళం నుండి ఏనుగులు, హురుముంజి నుండి గుర్రాలు, చీనా దేశం నుండి పట్టువస్త్రాలు ఆయన తెప్పించేవాడని హరవిలాసంలో శ్రీనాథుడు వర్ణించాడు. ఆ కావ్యాన్ని తిప్పయసెట్టికే అంకితమిచ్చాడు. రాజులే కాక వర్తకులు కూడా కృతిభర్తలు కావడం ఈ యుగ విశేషం. కుమారగిరి ఆస్థాన నర్తకి లకుమ. ఆమె కథను సి. నారాయణరెడ్డి తమ ‘కర్పూర వసంతరాయలు’ కావ్యంలో చిత్రించారు.

రాజు కళావినోదాలలో ఉండగా రాజ్యభారం వహించినవాడు ఆయన బంధువు, మంత్రి అయిన కాటయవేముడు. ఖడ్గం పట్టిన ఆ చేతితోనే కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యలు రచించి, వాటికి ‘కుమారగిరిరాజీయం’ అని ప్రభువు పేరు పెట్టాడు. ఆ సేవకు మెచ్చి కుమారగిరి రాజమహేంద్రవర రాజ్యాన్ని ఆయనకిచ్చాడు. దీనితో రాజ్యం రెండుగా చీలింది. కొండవీటి సింహాసనం జ్ఞాతి అయిన పెదకోమటి వేమారెడ్డి (1402–1420) వశమైంది. ఇరుపక్షాల వైరం రెడ్డిరాజ్య బలాన్ని హరించింది.

అయినా సాహిత్యం కుంటువడలేదు. పెదకోమటి వేముడు స్వయంగా పండితుడు. శ్రీనాథుడు ఆయన కొలువులో విద్యాధికారి. రాణి సూరమాంబ నేటి ఫిరంగిపురం వద్ద సంతానసాగరమనే తటాకాన్ని త్రవ్వించగా, ఆ శాసనాన్ని 1409లో శ్రీనాథుడే రచించాడు. ఆ చెరువుకు నీరు రావడానికి యువరాజు రాచవేముడు ‘జగనొబ్బగండ’ కాలువను త్రవ్వించినట్లు 1415 నాటి అమీనాబాదు శాసనం తెలుపుతున్నది.

ఆ రాచవేముడే 1420లో రాజయ్యాడు. బిడ్డ పుడితే ‘పురిటి సుంకం’ చెల్లించాలని ఆయన శాసించాడనీ, దానిని సహింపలేక సవరం ఎల్లయ అనే వ్యక్తి ఆయనను వధించాడనీ స్థానిక చరిత్రలు చెబుతున్నాయి. 1424తో కొండవీటి రెడ్ల పాలన ముగిసింది. అనంతరం కొండవీడు విజయనగర రాజ్యంలో కలిసింది. ఆశ్రయం కోల్పోయిన శ్రీనాథుడు దేశాటనం చేయవలసివచ్చింది.

ఒకే ప్రభువును శాసనం కాలువతోనూ, జనశ్రుతి సుంకంతోనూ గుర్తుంచుకొన్నది. సుంకం తగ్గించి రేవును నింపిన అనవోతుని చరిత్రను దీని పక్కన నిలిపి చూస్తే పాలననీతి బోధపడుతుంది. పన్ను సహ్యమైనంతవరకు కొలువులోని కర్పూరాన్ని ప్రజలు తమ వైభవంగానే భావిస్తారు. అది పురిటింటి గడప తొక్కినప్పుడు కావ్యాలు గానీ, కొండకోట గానీ రాజును రక్షింపలేవు.

కఠిన పదాలు – అర్థాలు

కొలువు = రాజసభ
సోపానాలు = మెట్లు
బొక్కసం = ధనాగారం
కృతిభర్త = కావ్యాన్ని అంకితంగా పొందినవాడు
జ్ఞాతి = దాయాది
జనశ్రుతి = ప్రజలు చెప్పుకొనే మాట

ప్రశ్నలు

1. కుమారగిరిరెడ్డి కాలం నాటి రాజసభా వైభవాన్ని వర్ణించండి.
2. మోటుపల్లి అభయశాసనానికి, కొండవీటి వైభవానికి గల సంబంధాన్ని వివరించండి.
3. రాచవేముని గురించి శాసనం, జనశ్రుతి చెప్పే విషయాలను పోల్చి మీ అభిప్రాయం రాయండి.