రింకుకి నీళ్ళు పెట్టే అదను

ఎడ్మంటన్,
జనవరి, ఆదివారం రాత్రి

చిన్నా,

మీ పేటలో ఆరుబయటి ఐస్ రింకు చూసుకునే పని ఈ ఏడు నీ చేతికొచ్చిందనీ, ఫిబ్రవరి మధ్యలో పదేళ్ళ పిల్లల హాకీ ఆట దాని మీదేననీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. నువ్వు ఫోన్లో అడిగినవాటికి అప్పటికప్పుడు సగం సగం చెప్పాను. పైపు పట్టుకునే ముందు తీరిగ్గా చదువుకుంటావని మిగతాది రాస్తున్నాను.

మా ఊరి పద్ధతి మీ ఊళ్ళో పూర్తిగా పనికిరాదు. ఎడ్మంటన్‌లో చలి ఒకసారి పట్టుకుందంటే వారాల తరబడి వదలదు. దాన్ని నమ్ముకునే మేం రింకు వేస్తాం. మీ కాల్గరీకి పక్కనే రాకీ పర్వతాలున్నాయి. పసిఫిక్ తడిగాలి అవతలి వాలు మీద వానో మంచో కురిపించి, పొడిబారి ఇవతలికి దిగుతుంది. దిగిన ప్రతి కిలోమీటరుకీ 10 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అదే చినూక్. పొద్దున మైనస్ 15 ఉన్నచోట సాయంత్రానికి చూరు నుంచి నీళ్ళు కారతాయి. పడమట ఆకాశంలో వంపు తిరిగిన మబ్బు బారు, దాని కింద నీలంగా ఖాళీ కనబడ్డాయంటే ఆ రోజుకి పైపు తీయకు.

అలాంటి ఊళ్ళో నీకు ఆసరా మందమే. ఇండోర్ రింకుల్లో కాంక్రీటులోనే చల్లబరిచే గొట్టాలుంటాయి కాబట్టి అంగుళం, అంగుళంపావు ఐస్ చాలు. నీ రింకు కింద ఉన్నది గడ్డకట్టిన మట్టి. నాలుగైదు అంగుళాలు లేకపోతే నేనైతే ఆటకి తేదీ ఇవ్వను. ఐస్‌ని కరిగించడానికి ఎంత వేడి పడుతుందో తెలుసా? అంతే బరువు నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచడానికి పట్టేంత. అంత వేడిని ఒక్క పూటలో మోసుకురావడం గాలికి తేలిక కాదు. చినూక్ వచ్చి పైన ఒకటి రెండు అంగుళాలు తినిపోయినా, అడుగున గట్టిది మిగిలితే మళ్ళీ పైకి లేపుకోవచ్చు. అందుకని జనవరి చలి రాత్రుల్ని ఒక్కటి కూడా వదులుకోకు.

నీరు గట్టిపడాలన్నా అంత వేడీ బయటికి పోవాల్సిందే. పని త్వరగా తెమిలిపోతుందని మందంగా నీళ్ళు పెట్టావంటే పైన పెచ్చు కడుతుంది, కింద నీరు నీరుగానే ఉంటుంది. ఆ నీరు పగుళ్ళలోంచి జారిపోతే మిగిలేది గుల్ల. పైకి నున్నగానే కనిపిస్తుంది. పిల్లవాడి స్కేటు దిగబడి చీలమండ మెలిపడేది అక్కడే. గుల్ల తగిలితే దాని మీద మళ్ళీ నీళ్ళు పోసి కప్పెట్టకు. పారతో పగలగొట్టి, ముక్కలు తీసేసి, మంచూ నీళ్ళూ కలిపిన ముద్దతో పూడ్చి, తొక్కి, గట్టిపడ్డాకే దాని మీద నీళ్ళు పెట్టు.

పొర మూడు మిల్లీమీటర్లు దాటనీయకు. మిల్లీమీటరు మందం అంటే చదరపు మీటరుకి లీటరు నీళ్ళు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న పూర్తి రింకు దాదాపు 1,580 చదరపు మీటర్లు, అంటే ఒక్క పొరకి 4,700 లీటర్ల పైమాటే. మీ రింకు కొలతలు తీసుకుని నీ లెక్క నువ్వు కట్టుకో. బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే నీ పైపు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో తెలిసిపోతుంది. ఇక కంటి అంచనాతో పని ఉండదు. మైనస్ 10లో, గాలి పెద్దగా లేని రాత్రి, అలాంటి పొర గట్టిపడటానికి గంట పైనే పడుతుంది. ఈలోగా ఇంట్లోకి వెళ్ళి కాఫీ తాగు. బూటు నొక్కితే మరక పడనంతవరకూ రెండోది మొదలుపెట్టకు.

తాతయ్య మడి చదును చేసేటప్పుడు ముందు పలచగా నీళ్ళు కట్టేవారు, గుర్తుందా? మెరకా పల్లమూ నీళ్ళే చూపించేవి. ఇక్కడా అంతే. మొదటి పొర పెట్టాక నీళ్ళు ఎటు నడుస్తున్నాయో నిలబడి చూడు. ఏ మూల నిలుస్తున్నాయో కాగితం మీద గుర్తు పెట్టుకో. పల్లం వైపుకి తర్వాతి పొరల్లో కొంచెం కొంచెం ఎక్కువ ఇస్తూ రా. ఈ ఓపిక మొదటి వారంలో పడితే తర్వాత నెలంతా సుఖం.

నీళ్ళు పెట్టడానికి నాకు నచ్చే చలి మైనస్ 7కీ మైనస్ 20కీ మధ్య. మైనస్ 25 దాటితే నీళ్ళు పరుచుకోకముందే బిగుసుకుని గట్లు కడతాయి, ఉన్న ఐస్ పగుళ్ళిస్తుంది. ఎంత చలి ఉంటే అంత మంచి ఐస్ అని చాలామంది అనుకుంటారు గానీ, అది నిజం కాదు. హాకీకి ఐస్ ఉపరితలం మైనస్ 5, మైనస్ 6 దగ్గర ఉంటే చాలు. అంతకన్నా బాగా చల్లబడితే పెళుసుబారి స్కేట్ల కింద పెచ్చులు లేస్తుంది. మంచు పడుతున్నప్పుడు కూడా నీళ్ళు పెట్టకు, పడ్డ ప్రతి రేకూ బుడిపెగా మిగిలిపోతుంది.

ఫోన్లో ఉష్ణోగ్రత ఒక్కటే చూడకు. మబ్బు చూడు. నిర్మలమైన రాత్రి ఐస్ తన వేడిని తిన్నగా ఆకాశానికి వదిలేస్తుంది కాబట్టి గాలి సున్నా దగ్గరున్నా పలచని పొర గడ్డకడుతుంది. అదే సున్నాలో మబ్బు పట్టిందంటే తెల్లవార్లూ తడి ఆరదు. ఈ ఒక్క సంగతి తెలిసినవాళ్ళకి చినూక్ వెళ్ళిన మర్నాడే పని మొదలవుతుంది, తెలియనివాళ్ళు మైనస్ 10 కోసం మూడు రోజులు ఎదురుచూస్తారు.

చినూక్ వస్తోందని తెలిశాక రింకు మీది మంచు ఊడ్చేయాలా, ఉంచాలా అని అడిగావు. దీని మీద మా రింకులో ఇద్దరు పెద్దవాళ్ళు ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. తెల్లని మంచు ఎండని తిప్పికొడుతుంది, ఉంచమంటారు ఒకరు. అది తడిసి, రాత్రి బిగుసుకుని, గరుకు ముద్దలవుతుంది, తీసేయమంటారు రెండోవారు. గాలి లేని ఎండ రోజైతే ఉంచడమే మేలు. చినూక్‌కి మాత్రం ఊడ్చేయాలనే నా మాట. ఊడ్చిన మంచు రింకు చుట్టూ ఉన్న బోర్డుల వెంట గుట్టగా వదిలితే కరిగి మళ్ళీ రింకులోకే వస్తుంది, బయటికి పారబొయ్యి.

గాలి వీచే రోజు చెయ్యవలసిన పెద్ద పని గేటుకి తాళం వెయ్యడం. మెత్తబడ్డ ఐస్ మీద పది నిమిషాలు స్కేటింగ్ చేస్తే పడే గాళ్ళు పూడ్చడానికి రెండు రాత్రులు పడుతుంది. పిల్లలు కంచె దగ్గర నిలబడి బతిమాలతారు. నీకు మనసొప్పదు, నాకు తెలుసు. అయినా తియ్యకు. పైన నీళ్ళు నిలిస్తే కంగారుపడి తోడెయ్యకు. తొక్కకుండా వదిలేస్తే చలి తిరిగొచ్చాక ఆ నీళ్ళే పల్లాన్ని పూడుస్తాయి. కాకపోతే చినూక్ దుమ్మూ, రోడ్డు మీద చల్లిన కంకరా, ఎండుటాకులూ మోసుకొస్తుంది. నల్లనిది ఏదైనా ఎండ పీల్చుకుని ఐస్‌లోకి దిగిపోయి గుంట చేస్తుంది. నీళ్ళు పెట్టేముందు అవన్నీ ఏరాలి. మరిచిపోయిన పక్, హాకీ ఆడే ఆ నల్లని బిళ్ళ, ఒక్కటి చాలు గుంట పడటానికి.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. డిసెంబరు చివర్లో కాల్గరీలో మధ్యాహ్నపు సూర్యుడు 16 డిగ్రీల ఎత్తు కూడా లేవడు. ఫిబ్రవరి మధ్యకల్లా 26 డిగ్రీలకి వస్తాడు. దక్షిణపు బోర్డు నీడ కురచవుతుంది. ఉత్తరపు బోర్డు మీద ఎండ తిన్నగా పడి, ఆ వేడి దాని మొదట్లో ఉన్న ఐస్‌కి తగులుతుంది. ముందుగా చెడేది ఆ అంచే, ఆటలో పిల్లలు పక్ కోసం గుద్దుకునేదీ ఆ అంచుల దగ్గరే. అక్కడ మొదటినుంచీ ఇంకో అంగుళం ఎక్కువ మందం కట్టు.

ఇక ఆట వేళ. నేను ఇంత దూరం రాసింది అసలు ఇది చెప్పడానికే. మధ్యాహ్నం రెండు గంటలకని ఎవరో వేశారన్నావు. అది మార్పించు. మొహమాటపడకు. 2021 ఫిబ్రవరి 20న నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) వాళ్ళు టాహో సరస్సు ఒడ్డున కొలరాడో, వేగస్ జట్లకి ఆట పెట్టారు. ఐస్ కింద చల్లబరిచే గొట్టాలున్నాయి, యంత్రాలున్నాయి, అనుభవమున్న మనుషులున్నారు. మబ్బులేని ఆకాశం, నడినెత్తిన ఎండ. మొదటి పీరియడ్‌కే ఐస్ చితికిపోయి ఆటగాళ్ళు తట్టుకుని పడ్డారు. ఆట ఆపేసి రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ మొదలుపెట్టారు. 2011 జనవరి 1న పిట్స్‌బర్గ్‌లో వాన భయంతో ఒంటిగంట ఆటని రాత్రి ఎనిమిదికి జరిపారు. టీవీ ప్రసారాలు ఉన్నవాళ్ళే వేళ మార్చుకున్నారు. పదిహేను మంది పిల్లల తల్లిదండ్రులు మార్చుకోలేరా?

పొద్దున ఎనిమిదింటికి పెట్టించు. రాత్రంతా చల్లబడి, సూర్యోదయం వేళకి ఐస్ గట్టిగా ఉంటుంది. ఆఖరి పొర తెల్లవారుజామున మూడు నాలుగింటికల్లా ముగించు, అదీ పలచగా. పీరియడ్ల మధ్య నీళ్ళ జోలికి పోకు. సున్నా దగ్గరున్న గాలిలో ఆ పదిహేను నిమిషాల్లో అది గడ్డకట్టదు. నలుగురు పెద్దవాళ్ళు పారలతో గీకిన మంచు ఊడ్చేస్తే చాలు. 2014 జనవరి 1న యాన్ ఆర్బర్‌లో లక్షమందికి పైగా చూస్తున్న ఆటలో మంచు కురుస్తూనే ఉంది. అక్కడ కూడా ఆట ఆగినప్పుడల్లా మనుషులు పారలు పట్టుకుని ఊడ్చారు.

ఆడించాలా వద్దా అన్న ఆఖరి మాట నీదేనని కోచ్‌లతో ఇప్పుడే ఒప్పించుకో. ఆ పొద్దున గేటు దగ్గర వాదన పెట్టుకోకూడదు. స్కేటు మడమ దిగబడుతోందంటే ఆట లేదు. అప్పుడు పిల్లల్ని ఉత్తచేతులతో పంపకు. పక్కన పార్కింగ్ స్థలంలో బూట్లతో, రబ్బరు బంతితో ఆడించు. అవే కర్రలు, అవే గోల్ పోస్టులు. ఈ దేశంలో వీధి హాకీ ఆడని పిల్లలు తక్కువ, వాళ్ళే నీకు నేర్పుతారు.

పని అయ్యాక పైపులో నీళ్ళు చుక్క లేకుండా వంచి, చుట్టి, వెచ్చని గదిలో పెట్టు. బయట వదిలితే మర్నాటికి కర్రలా బిగుసుకుపోతుంది. పైపు చివరనున్న ఇత్తడి ముక్కుని ఐస్ మీద ఈడ్చకు, గాడి పడుతుంది. చేతి తొడుగులు రెండు జతలు దగ్గర పెట్టుకో, మొదటి జత పావుగంటలో తడుస్తుంది.

బాబాయి వచ్చే శుక్రవారం ఆఫీసు పని మీద కాల్గరీ వస్తున్నారు. మా రింకులో అదనంగా ఉన్న వెడల్పు స్క్రేపరు కారులో వేసి పంపిస్తున్నాను. పిడి నీకు పొడవైతే కోయించుకో, తిరిగివ్వక్కర్లేదు. ఆయన వచ్చినప్పుడు ఉత్తరపు బోర్డు దగ్గర మందం కొలిపించి, ఎంతుందో నాకు ఫోన్ చెయ్యి.

పిన్ని